నేర్పేవాడే మార్కులేస్తే

మా రోజుల్లో పదో తరగతి గట్టెక్కిన ప్రతి కుర్రాడూ టైపులో చేరేవాడు. ఏ కోర్సు మంచిదని బుర్ర బద్దలు కొట్టుకునే పనే లేదు. ఉన్నవే రెండు: టైపు, షార్ట్‌హ్యాండ్. తెనాలిలో మేం నేర్చుకున్నది ఓ మేడమీద గదిలో. ఆరేడు రెమింగ్టన్ మిషన్లు, గోడకి కీబోర్డు పటం, గుమ్మం పక్కన మాస్టారి కుర్చీ. మొదటి నెలంతా ఏఎస్‌డీఎఫ్, సెమికోలన్ ఎల్‌కేజే తప్ప మరో మాట లేదు. చిటికెన వేలు సాయంత్రానికి అన్నం కలపడానిక్కూడా మొరాయించేది. కళ్ళు కిందికి దించామా, వేళ్ళ మీద స్కేలు పడేది. మాస్టారు అవతల ఎవరితోనో మాట్లాడుతూనే ఉండేవారు, చెవి మాత్రం మిషన్ల మీదే. చప్పుడు తడబడితే ఎవరిదో వెనక్కి తిరక్కుండానే చెప్పేసేవారు.

అయితే ఆ మాస్టారికి మా మార్కుల మీద ఇసుమంత అధికారం లేదు. పరీక్ష సర్కారు సాంకేతిక విద్యా మండలిది. లోయర్‌కి నిమిషానికి 30 మాటలు, హయ్యర్‌కి 45. హాల్లో మన మొహం ఎరగని మనిషి గంట కొడతాడు, పేపర్లు ఎక్కడికో పోతాయి. మేం ఫెయిలైతే పరువు పోయేది మాస్టారిదే, బజారంతా తెలిసిపోయేది. అందుకే ఆ స్కేలు.

ఆ సర్టిఫికెట్లు పట్టుకునే ఏపీ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఢిల్లీ వచ్చిపడ్డాం. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ వాళ్ళు మా కాగితం చూసి సరిపెట్టుకోలేదు, మళ్ళీ మిషన్ ముందు కూర్చోబెట్టి కొట్టించారు. ఎవరికీ కోపం రాలేదు. వచ్చినవాడికి వచ్చు, రానివాడికి రాదు, పది నిమిషాల్లో తేలిపోయేది.

తర్వాత కంప్యూటర్లొచ్చాయి. 1981లో ఎన్‌ఐఐటీ పుట్టింది ఈ ఢిల్లీలోనే. 1986 నాటికి సీఎంసీ అనే సర్కారు కంప్యూటర్ కంపెనీ పుణ్యమా అని న్యూఢిల్లీ స్టేషన్లో రిజర్వేషను టికెట్ మిషన్లోంచి ఊడిపడుతుంటే నోళ్ళు వెళ్ళబెట్టి చూశాం. మా ఆఫీసులో కంప్యూటర్ గదికి ఏసీ, గుమ్మం బయట చెప్పులు. ఆఫీసరుగారిక్కూడా లేని చల్లదనం దానికి! ఇక సౌత్ ఎక్స్‌టెన్షన్ నుంచి నెహ్రూ ప్లేస్ దాకా మెట్లున్న ప్రతిచోటా కంప్యూటర్ క్లాసులు వెలిశాయి. వర్డ్‌స్టార్, లోటస్, డీబేస్. ఎవడి సర్టిఫికెట్ వాడిదే, ఎవడి గోల్డు ముద్ర వాడిదే.

ఆ గందరగోళం చూసే కాబోలు, 1990లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ డోయెక్ పరీక్షలు పెట్టింది. ఓ, ఏ, బీ, సీ అని నాలుగు మెట్లు. పాఠం ఎక్కడైనా చెప్పించుకో, పరీక్ష మాత్రం దేశమంతటికీ ఒకటే. మళ్ళీ మా టైపు పద్ధతే. 2011లో పేరు మారి నీలిట్ అయింది. ఈనాటికీ కొన్ని సర్కారు కొలువులకి ఓ లెవెల్ సర్టిఫికెట్ అడుగుతూనే ఉన్నారు. కానీ ఈ కాలం కుర్రాళ్ళకి ఆ పేరు చెబితే జాలిగా చూస్తారు.

ఇంతకీ ఈ సోదంతా మా మేనల్లుడి వల్ల. ఫరీదాబాద్‌లో ఓ ఫ్యాక్టరీలో పర్చేజ్ సెక్షను. పదేళ్ళ సర్వీసు. అక్కడ ఎదుగూ బొదుగూ లేదని ఐటీలోకి దూకుతానంటాడు. "మావయ్యా, నోయిడాలో ఒక ఇన్‌స్టిట్యూట్ ఉంది, డేటా సైన్స్ ఆరు నెలలు. మీరూ ఒకసారి రండి" అన్నాడు. రిటైరైనవాడికి పనేముంది, బ్లూ లైనెక్కి వెళ్ళాను. సెక్టార్ 15 స్టేషన్ దిగితే చాలు, కరపత్రాలు చేతిలోకి వాటంతటవే వచ్చేస్తాయి. మావాడు చెప్పిన ఇన్‌స్టిట్యూట్ బోర్డు మీద పాత కోర్సు పేరు కనబడకుండా "జెన్ ఏఐ" అని స్టిక్కరు. కింది అక్షరాల తోకలు ఇంకా బయటికి కనిపిస్తూనే ఉన్నాయి.

కౌన్సెలర్ అట, ఇరవై మూడేళ్ళుంటాయేమో. "అంకుల్‌జీ" అంటూ మంచినీళ్ళిచ్చింది, ఆ మర్యాదకేం లోటు లేదు. గోడనిండా కుర్రాళ్ళ ఫొటోలు, కింద లక్షల్లో జీతాలు. నేనడిగినవి మూడే. పాఠం చెప్పేదెవరమ్మా? "ఇండస్ట్రీ ఎక్స్‌పర్ట్స్." పేరు లేదు. పరీక్ష పెట్టేదెవరు? "హమ్ హీ లేతే హైఁ అంకుల్‌జీ." అంటే, మేమే పెడతామని. ఈ ఫొటోలోని అబ్బాయి మీ దగ్గరకి రాకముందు ఏం చేసేవాడు? "డేటా ప్రైవసీ." ఫొటో గోడకెక్కించడానికి అడ్డురాని ప్రైవసీ, వాడు అంతకుముందే ఇంజనీరా కాదా చెప్పడానికి అడ్డొచ్చింది.

ఫీజు తొంభై వేలు, ఆపైన పద్దెనిమిది శాతం జీఎస్టీ. ఈఎంఐ కాగితం బల్ల మీద అప్పటికే సిద్ధంగా ఉంది. అది ఏదో ఫైనాన్స్ కంపెనీది. డబ్బు మొత్తం ఒక్కసారిగా ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళిపోతుంది, వాయిదాలు మావాడి నెత్తిన ఉంటాయి. క్లాసులు మధ్యలో ఆగినా అప్పు ఆగదు. ఈ ముక్క నేను లాగి అడిగితే గానీ బయటికి రాలేదు. రాత్రి పన్నెండు లోపల కడితే పదిహేను వేలు తగ్గింపట. పెళ్ళిళ్ళ పేరయ్య కూడా జాతకాలు చూసుకోమని రెండ్రోజులు గడువిస్తాడు కదా!

2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ కోచింగ్ ప్రకటనలకి కట్టుబాట్లు పెట్టింది. ఉద్యోగం గ్యారంటీ అనకూడదు, గెలిచినవాడి ఫొటో వాడాలంటే ఆ గెలుపు తర్వాతే రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోవాలి, వాడు చదివిన కోర్సేమిటో చెప్పాలి. బాగానే ఉంది. ఆ గోడకి ఈ కబురు ఇంకా అందినట్టు లేదు.

దీనికంటే మన హైదరాబాద్ అమీర్‌పేట నయం అన్నాను. మావాడు నవ్వాడు గానీ నేను నిజమే చెప్పాను. మైత్రీవనం చుట్టూ బోర్డులు చూడండి: ఇన్‌స్టిట్యూట్ పేరు కంటే సారు పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది. పొద్దున్నే బ్యాచి, డెమో ఉచితం. రెండు మూడు క్లాసులు విని, నచ్చకపోతే పక్క మెట్లెక్కేయడమే. వైటూకే రోజుల్లో కోబాల్ కోసం ఆ మెట్లు అరిగిపోయాయి. అక్కడా వంకర పనులు లేకపోలేదు. లేని ఎక్స్‌పీరియన్స్ రెజ్యూమెలో పెట్టించే ఘనులున్నారు. అయితే 2014 నుంచి పీఎఫ్‌కి యూఏఎన్ నంబరొచ్చాక ఎవడు ఎక్కడ ఎన్నాళ్ళు పనిచేశాడో ఆ ఖాతాలోనే కనబడుతోంది. దొంగ సర్వీసు కలిపినవాడికి చేరిన ఉద్యోగమే ఊడుతోంది.

సరే, ఈ కాలంలో నిఖార్సైన పరీక్షలు లేవా అంటే, ఉన్నాయి. రెడ్ హ్యాట్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్ళది మా టైపు పరీక్షకి అచ్చమైన వారసుడు. నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తుపెట్టే బాపతు కాదు. మిషన్ ముందు కూర్చోబెట్టి, ఇదీ పని, గడువులోగా చేసి చూపించు అంటారు. టిక్కులు పెట్టే పరీక్షలకైతే ప్రశ్నలన్నీ "డంప్స్" పేరుతో ముందే బజార్లో దొరుకుతాయట. వాటిని బట్టీపట్టి పాసైనవాడికి ఉద్యోగమిచ్చే కంపెనీ ఉంటే, దాని ఖర్మ.

మావాడి సంగతికొస్తే, పర్చేజ్‌లో పదేళ్ళు నలిగినవాడు అదంతా గంగలో కలిపి, పాతికేళ్ళ కుర్రాళ్ళ పక్కన సున్నా నుంచి మొదలుపెట్టడం ఎందుకని నా గొడవ. ఆర్డరు, సరుకు రాక, బిల్లు, నిల్వ, ఇవన్నీ శాప్ అనే కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో ఎంఎం అనే భాగంలో ఉంటాయి. సప్లయర్ సతాయిస్తే ఏమవుతుందో పుస్తకం చదివినవాడికేం తెలుసు, వీడికి తెలుసు. పరీక్ష కూడా శాప్ కంపెనీ పెట్టేదే ఉంది. నోయిడా అమ్మాయి మాత్రం వీడి పదేళ్ళ గురించి ఒక్క ప్రశ్నా వెయ్యలేదు. ఫోన్ నంబరు మాత్రం రెండుసార్లు రాయించుకుంది.

ప్రస్తుతానికి డబ్బు కట్టలేదు. ముందు ఎన్‌పీటీఎల్‌లో డేటాబేసుల పాఠాలు వింటానన్నాడు. ఐఐటీ మాస్టార్లు చెప్పేవి, వినడానికి పైసా అక్కర్లేదు, సర్టిఫికెట్ కావాలంటే సెంటరుకి వెళ్ళి పరీక్ష రాయాలి. భేష్ అన్నాను. మొన్నాదివారం ఇంటికొచ్చి, చెవుల్లో ఆ బఠాణీ గింజలు పెట్టుకుని, ఫోనులో అదే వింటున్నాడు. ఆ మాస్టారు ఎందుకో కంగారుగా, ఎవరో తరుముతున్నట్టు మాట్లాడుతున్నాడు. ఏమిట్రా అంటే, "రెండింతల స్పీడులో పెట్టాను మావయ్యా, టైమ్ కలిసొస్తుంది" అన్నాడు. నోట్సు రాసుకుంటున్నావా అంటే, స్క్రీన్‌షాట్ తీసుకుంటున్నాడట.