గొర్రెల వెంట నడిస్తే లెక్కకొస్తాదా?

షుగరు, బీపీ సోమరిపోతుల జబ్బులని తేల్చేశారు. తేల్చినాయన ఏసీ కారు దిగి, వేదిక మీద మైసూరుపాకు నోట్లో వేసుకుని మరీ తేల్చాడు. చిలమత్తూరు వైపు ఆరోగ్య సదస్సంటే ఇట్లాగే ఉంటుంది. కింద కూర్చున్నవాళ్లు పొద్దున చెనక్కాయ చేన్లో కలుపు తీసి వచ్చినవాళ్లు. వాళ్లకిచ్చిన మొదటి సలహా: రోజూ అరగంట నడవండి.

పక్కనున్న పెద్దాయన నా చెవిలో అడిగాడు: "గొర్రెల వెంట నడిస్తే లెక్కకొస్తాదా అప్పా, బూట్లే ఏసుకోవల్లా?"

2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ మొదలైంది మన ఉమ్మడి అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. ఆ పనికి పోయి ఎండలో గడ్డపారతో కందకం తవ్వితే అది కూలి. డబ్బు కట్టి ఇనుము ఎత్తితే వ్యాయామం. నేనూ తక్కువ తినలేదు లెండి, నడవడానికి గ్రౌండు దాకా బండి మీద పోతాను.

సలహాలో అబద్ధం లేదు. షుగరు అంచున ఉన్న మూడు వేల మందికి పైగా మనుషులపై అమెరికాలో చేసిన పరిశోధన 2002లో వెలువడింది. వారానికి 150 నిమిషాల నడక, కాస్త బరువు తగ్గడం, ఈ రెంటితో జబ్బు రావడం 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ మాత్రతో తగ్గింది 31 శాతమే. అయితే అక్కడ మనిషికొక శిక్షకుణ్ణి పెట్టి, పదహారు పాఠాలు విడివిడిగా చెప్పించారు. మనకు ఊరంతటికీ కలిపి ఒక ఫ్లెక్సీ.

రెండో సలహా విన్నాక నవ్వాపుకోలేకపోయాను. చిరుధాన్యాలు తినాలట! ఈ నేల మీద తాతలు తిన్నదే రాగిసంగటి, కొర్రన్నం, ఉలవచారు. వరన్నం పండగనాటి మాట. తర్వాత కొర్ర, ఆరిక చేలల్లోకి చెనక్కాయ దిగింది. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చాడు. ఆ బియ్యం ఎన్ని కడుపులు నింపిందో మరచిపోతే పాపం. మనమే దాన్ని గొప్పతనానికి గుర్తుగా చేసుకున్నాం. పెళ్లిచూపులకొచ్చినవాళ్ల కంట పడకుండా సంగటి తపేలా దాచాం. మూడు పూటలా తెల్లన్నానికి అలవాటుపడ్డాం.

నలభై ఏళ్లు గడిచాయి. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరమంది. మనం తోసేసిన కొర్రే ఇప్పుడు 'సిరిధాన్యం' అయి, తలపాగా రైతు బొమ్మ అంటించుకుని, బెంగళూరు నుంచి కొడికొండ చెక్‌పోస్టు మీదుగా వెనక్కొస్తోంది, సోనామసూరి కంటే ఎక్కువ ధరకు. కూలి మనిషి దాన్ని కొనకపోతే 'అవగాహన లేదు' అంటారు. కొన్నవాళ్ల భక్తి ఇంకో రకం. సిరిధాన్యమే కదా అని మూడు ముద్దలు మింగుతారు. అంత మింగితే రాగైనా ఒంట్లో చక్కెరే అవుతుందని ప్యాకెట్ మీద రాయరు.

సదస్సులు పెట్టే అయ్యలకు ఒక మనవి. ఈసారి పంచే పొట్లంలో మైసూరుపాకు తీసేసి, గుప్పెడు ఉడికిన చెనక్కాయలు పెట్టండి. బెంగళూరు నుంచి తెప్పించక్కర్లేదు, వేదిక వెనక చేన్లోనే ఉన్నాయి.