సిస్టంల అట్లనే చూపిస్తుంది

మా రోజుల్లో తప్పు జరిగితే తిట్టడానికి ఎదురుగా ఒక మనిషి ఉండేవాడు. పట్వారీ పహాణీలో పేరు తారుమారు చేశాడంటే పొద్దున్నే పోయి ఆయన అరుగు మీదే కూర్చునేవాళ్లం. పని అయ్యేదా అంటే అన్నిసార్లూ అయ్యేది కాదు. కాని ఊరంతా చూస్తుండగా ఆయన మన మొహం చూసి ఏదో ఒక జవాబు చెప్పాల్సి వచ్చేది. ఇప్పుడు ఏ కౌంటర్ దగ్గరికి పోయినా ఒకటే పాట: "సిస్టంల అట్లనే చూపిస్తుంది పెద్దాయనా, నేనేం చెయ్యను?" ఈ సిస్టం అనే పెద్దమనిషి ఏ ఊళ్లో ఉంటాడో, ఎన్నింటికి ఆఫీసుకొస్తాడో, ఆయన పై అధికారి ఎవరో ఇంతవరకు నాకు చెప్పినవాడు లేడు.

నాకు యంత్రాలంటే గిట్టదని మా ఇంట్లోవాళ్ల అభిప్రాయం. అది అన్యాయం. మిర్యాలగూడ రైస్ మిల్లులో గుమస్తాగా తల నెరిసినవాణ్ని నేను. సాగర్ ఎడమ కాలువ నీళ్లు పారి, వడ్లు పండి, ఆ వడ్ల వెంటే మిల్లులు లేచిన ఊరది. హల్లర్లు పోయి రబ్బరు షెల్లర్లు రావడం, కళ్లంలో ఎండబెట్టే ఉప్పుడు వడ్లకు డ్రయర్లు రావడం అన్నీ కళ్లారా చూశాను. ఆ తర్వాత సార్టెక్స్ వచ్చింది. బియ్యం ధారగా జారుతుంటే కెమెరా గింజ గింజనూ చూస్తుంది. నల్లదో పసుపుదో కనబడితే రెప్పపాటులో గాలి ఊది పక్కకు తోస్తుంది. చేటలు పట్టుకుని వరుసగా కూర్చుని ఏరిన ఆడవాళ్ల కూలి అది మింగేసిన మాట నిజమే. కాని ఒప్పుకున్న పని చేసింది. దాని కోసం ఎవరూ సదస్సులు పెట్టలేదు, ఫ్లెక్సీలు కట్టలేదు. నల్ల గింజలు వస్తున్నాయంటే ఆపరేటర్ వచ్చి సెట్టింగు సరిచేసేవాడు. సరిచేయకపోతే సేటు వాణ్ని సరిచేసేవాడు.

ఇప్పుడు చూడండి. సూర్యాపేట నుంచి కోదాడ దాకా హైవే పక్కన ఎక్కడ చూసినా ఏఐ. ఎల్‌కేజీ పిల్లలకు ఏఐ, ఇంటర్ కోచింగులో ఏఐ. మొన్న మా కోడలు కొన్న బట్టలుతికే మిషను మీద కూడా ఏఐ అని రాసి ఉంది. నా చొక్కా కాలర్ మురికి మాత్రం ఆ సంగతి తెలియక అక్కడే ఉంది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని పెద్దలు ఊరికే అనలేదు. తెలంగాణ ప్రభుత్వం 2020ని ఏఐ సంవత్సరంగా ప్రకటించింది. ఆ ఏడు జనానికి గుర్తున్నది కరోనా. 2024 సెప్టెంబరులో హైదరాబాద్‌లో ప్రపంచ ఏఐ సదస్సు కూడా అయింది. కంప్యూటర్ వచ్చిన కొత్తలోనూ ఇదే సందడి. ఇక కాగితం అన్నదే కనబడదన్నారు. 2011లో మీసేవ వచ్చాక ఆఫీసుల చుట్టూ తిరగడం కొంత తగ్గింది, కాదనను. కాని కాగితం ఎక్కడికి పోయింది? ఆధార్ జిరాక్సు, పాస్‌బుక్కు జిరాక్సు, రెండు ఫొటోలు. టైపు ఇన్‌స్టిట్యూట్లు మూతపడ్డ మడిగెల్లోనే జిరాక్స్ షాపులు తెరుచుకున్నాయి.

మా మనవడు ఇంజినీరింగ్ చదువుతున్నాడు. "తాతా, దీన్ని ఏదడిగినా చెప్తది" అని ఫోను నా చేతిలో పెట్టాడు. సూర్యాపేట నుంచి సికింద్రాబాద్‌కు పొద్దున రైలు ఎన్నింటికని అడిగాను. క్షణం ఆలస్యం లేదు. రైలు పేరు చెప్పింది, టైము చెప్పింది, అరగంట ముందే స్టేషనుకు చేరుకోమని జాగ్రత్త కూడా చెప్పింది. సూర్యాపేటకు అసలు రైలు స్టేషనే లేదు. రైలెక్కాలంటే మిర్యాలగూడకో నల్లగొండకో పోవాలి. ఆ మాటే అంటే, "క్షమించండి, మీరు చెప్పింది నిజమే" అని, అంతే ధైర్యంగా ఇంకో రైలు చూపించింది.

"లేనిది ఉన్నట్టు చెప్తదేందిరా?"

"అది మనలెక్క తెలుసుకుని చెప్పదు తాతా. ఇదివరకు చదివిన రాతలను బట్టి ఏ మాట తర్వాత ఏ మాట వస్తదో లెక్కగట్టి అల్లుతది. ఒక్కోసారి గిట్లయితది."

మా కాలంలో బస్టాండులో ఎంక్వయిరీ ఆయన తనకు తెలియకపోతే "నాకు తెల్వదు, అవతల అడుగు" అని కసిరేవాడు. ఆ కసురు విలువ ఇన్నాళ్లకు తెలిసొచ్చింది.

ఇక వడ్ల సంగతి. మా మిల్లులో వడ్లు చూసే మనిషి బస్తాలోంచి పిడికెడు తీసి, అరచేతిలో నలిపి, పొట్టు ఊది, రెండు గింజలు పంటి కింద వేసుకునేవాడు. కటుక్కుమంటే ఎండినట్టు, మెత్తగా చితికితే పచ్చివి. రైతు ఊరుకునేవాడా? అదే బస్తాలోంచి తానూ రెండు గింజలు కొరికి, "ఏం పచ్చి? చప్పుడు ఇనబడ్తలేదా?" అని తగువుకు దిగేవాడు. ఇద్దరికీ పళ్లున్నాయి కాబట్టి తగువు సమానంగా నడిచేది. ఇప్పుడు తేమ మిషను వచ్చింది. సర్కారు కొనుగోలుకు హద్దు 17 శాతం. కోత మిషన్లు వచ్చాక వడ్లు కళ్లం మొహం చూడకుండానే పచ్చిగా ట్రాక్టరెక్కుతున్నాయి, కొలత లేకుండా కుదరదు. సరే. కాని కొనుగోలు కేంద్రంలో 17 చూపిన వడ్లు మిల్లు గేటు దగ్గర ఇంకో మిషనులో 19 చూపితే రైతు ఏ పళ్లతో కొరికి చూపించాలి? తరుగు మాత్రం ఆయన బస్తాలోంచే పోతుంది. మిషను అబద్ధమాడదంటారు. ఆడకపోవచ్చు. దాన్ని ఎవరు సరిచూశారు, ఎప్పుడు సరిచూశారు అని రైతు అడిగితే చెప్పేవాడు ఉండాలా వద్దా?

అన్నిటికంటే నాకు మంటెత్తించేది పేర్ల సంగతి. పాలకీడు మండలంలో జాన్‌పహాడ్ సైదులు దర్గా ఉంది. అక్కడ మొక్కుకుని హిందువులు కూడా పిల్లలకు సైదులు, సైదమ్మ అని పేర్లు పెట్టుకుంటారు. కోదాడ బస్టాండులో నిలబడి "సైదులూ" అని కేకేస్తే పది మంది తిరిగి చూస్తారు. దురాజ్‌పల్లి పెద్దగట్టు లింగమంతుల పేరున లింగయ్యలు, గుట్ట నర్సింహస్వామి పేరున యాదగిరులు, వాళ్లకూ కొదవ లేదు. ఊళ్లో దీంతో ఏ ఇబ్బందీ లేదు. టైలర్ సైదులు, కాలువకట్ట సైదులు, మేకల సైదులు. ఎవరికి కారుందో, ఎవరికి ఒక్క బర్రె మాత్రమే ఉందో పసిపిల్లవాణ్ని అడిగినా చెప్తాడు.

కంప్యూటర్‌కు ఇంత లోకజ్ఞానం ఎక్కడిది? ప్రభుత్వ శాఖల దగ్గరున్న వివరాలన్నీ ఒకచోట చేర్చి, పేర్లూ చిరునామాలూ పోల్చి, ఎవరికి ఏమున్నదో తేల్చే 'సమగ్ర వేదిక' అనే ఏర్పాటు మన రాష్ట్రంలో ఉంది. రేషన్ కార్డుల ఏరివేతకూ దాన్నే వాడారు. కారున్నవాడికి రేషన్ ఎందుకన్నది న్యాయమైన ప్రశ్నే. కాని ఆ కారు ఏ సైదులుదన్నది ఇంకా ముఖ్యమైన ప్రశ్న. ఇంటికొచ్చి చూడకుండా కంప్యూటర్ లెక్కలతో కార్డులు తీసేశారని హైదరాబాద్ సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ కోర్టుకెక్కారు. తీసేసినవి దాదాపు 19 లక్షలు. మనుషులను పంపి మళ్లీ విచారించమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. విచారిస్తే వేల కుటుంబాలు అర్హులేనని తేలింది. పక్కింటి మనిషిని ఒక్క మాట అడిగితే తేలిపోయే విషయానికి ఢిల్లీ దాకా పోవాల్సి వచ్చింది.

ఆ తర్వాత రోజులు మారాయి. 2025 ఉగాదినాడు సన్నబియ్యం పంపిణీ మా హుజూర్‌నగర్‌లోనే మొదలుపెట్టారు. అదే ఏడు జులై 14న కొత్త రేషన్ కార్డుల పంపిణీ మా తిరుమలగిరిలో మొదలైంది. మా సూర్యాపేట జిల్లాకు గౌరవమే, సంతోషం. కాని మధ్యలో కార్డు పోయినవాడు అన్నేళ్లు అంగట్లో కొనుక్కుతిన్న బియ్యం లెక్క ఏ సిస్టంలోనూ చూపించదు.

పాతదంతా బంగారమని నేననను. 1984లో పటేల్, పట్వారీ వ్యవస్థను రద్దు చేసినప్పుడు ఊపిరి పీల్చుకున్న రైతులు నాకు తెలుసు. కలం పోటుతో ఎకరాలకెకరాలు మింగిన చేతులు ఆ పట్వారీలవి. లేని మనుషుల పేర్లు రాసి బియ్యం అమ్ముకున్న డీలర్ల కాలమూ చూశాను. వేలిముద్ర మిషను వచ్చి ఆ ఆట చాలావరకు కట్టించింది. అదే మిషను, నాట్లేసి, మిర్చి ఏరి వేళ్లరిగిన ముసలమ్మను పట్టుకుని నువ్వు నువ్వు కాదంటుంది. ఆమె వేలిని చీరకొంగుకు తుడుచుకుని మళ్లీ పెడుతుంది, నీళ్లతో కడిగి మళ్లీ పెడుతుంది. దొంగను ఆపడానికి పెట్టిన గేటు దగ్గర ఇంటివాళ్లు నిలబడాల్సి వస్తే, లోపలికి పిలిచే అధికారం ఉన్న మనిషొకడు అక్కడ ఉండాలి. ఖర్చు మిగులుతుందని ముందుగా తీసేస్తున్నది ఆ మనిషినే.

కాబట్టి ఏఐ తెస్తామంటే తెండి. పొలానికి తెండి, మార్కెట్‌కు తెండి, తహసీల్ ఆఫీసుకు తెండి. నా షరతు ఒక్కటే. మిషను "కాదు" అన్న ప్రతిచోటా ఎందుకు కాదో తెలుగులో రాసిన కాగితం ఒకటి చేతికివ్వండి. దాని కింద ఒక మనిషి సంతకం ఉండాలి, ఆ మనిషి ఏ గదిలో కూర్చుంటాడో రాసి ఉండాలి. మిగతా పోట్లాట మేం చూసుకుంటాం. జిరాక్సులు ఎన్ని కావాలన్నా తెచ్చుకుంటాం.