మొన్నటిదే బాగుండీది (టీకా తాత్పర్య సహితం)

మూలం:

ఏటుంది బావా ఇందులోన? పేరు మార్చీసి మళ్ళీ ఒగ్గీసినారు. మొన్నటిదే బాగుండీది.

అవతారిక:

వ్యాఖ్య మొదలుపెట్టే ముందు విఘ్నేశ్వరుడికి దణ్ణం పెట్టుకోవడం ఆచారం. మా చోడవరం వాళ్ళు అందుకోసం ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు, ఊళ్ళోనే స్వయంభూ విఘ్నేశ్వరుడున్నాడు. స్వయంభువు అంటే తనంతట తాను వెలసినవాడు, ఎవరూ విడుదల చెయ్యనివాడు. ఒకరు విడుదల చేసింది కాదు గనక ఇంకొకరు ఆపెయ్యడానికీ లేదు. ఈ సంగతి ముందుముందు పనికొస్తుంది, గుర్తుంచుకోండి.

పై మూడు వాక్యాలకీ కర్త ఎవరో తెలియదు. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర టీ కొట్టులో, పేపర్లో కొత్త ఫోను బొమ్మ పడ్డ రోజున, ఎవరో ఒకరి నోట వెలుస్తాయి. రచనాకాలం సెప్టెంబరు అని కొందరంటారు, యాపిల్ వాళ్ళు కొత్త ఫోను చూపించేది అప్పుడే కాబట్టి. పన్నెండు నెలలూ అని నా మతం.

శాస్త్రానికి అనుబంధ చతుష్టయం ఉండాలి. విషయం: కొత్త ఫోను. ప్రయోజనం: టీ చల్లారేదాకా కాలక్షేపం. సంబంధం: చెప్పేవాడికీ ఆ ఫోనుకీ ఏమీ లేదు. అధికారి: దాన్ని కొననివాడు. కొన్నవాడి మాట ఎందుకు చెల్లదంటే, అంత డబ్బు పోసి బాగులేదని ఏ మొహంతో అంటాడు?

మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మల్లినాథ సూరి కాళిదాసుకి వ్యాఖ్య రాస్తూ మాటిచ్చాడు. ఆయనకి కాళిదాసు దొరికాడు, నాకు టీ కొట్టు దొరికింది. ఆ మాట నేనివ్వలేను.

పాఠాంతరాలు:

మాడుగుల ప్రతిలో 'బావా'కి బదులు 'మావా' అని ఉంది. హల్వా ఊరు కదా, నాలిక కాస్త మెత్తగా జారుతుంది. విశాఖపట్నం ప్రతిలో 'ఏముందండీ ఇందులో' అని దిద్దారు. ఆ 'అండీ' చేరగానే రసం పోయింది. మధురవాడ వైపు సాఫ్ట్‌వేర్ పిల్లలు 'సేమ్ ఫోన్ రా, నంబర్ మార్చారంతే' అని చదువుతారు. అర్థం చెడలేదు గాని నేను చోడవరం పాఠాన్నే తీసుకున్నాను.

ప్రతిపదార్థం:

ఏటుంది = ఏమున్నది. చూడ్డానికి ప్రశ్న, నిజానికి జవాబు. గొంతు విరుపు వల్ల 'ఏమీ లేదు' అనే అర్థం పుడితే దాన్ని ఆలంకారికులు కాకువు అన్నారు. ఈ కాకువుకి లిపి లేదు. పైపెదవి కొంచెం పక్కకి లాగాలి, అంతే.

బావా = ఓ బావా! కేవలం సంబోధన అనుకుని దాటిపోకూడదు. ఇదే మాట తండ్రితో అంటే 'నీకెందుకురా ఆ సంగతి' అంటాడు. కొత్తవాళ్ళతో అంటే తగువు. చేతిలో కొత్త ఫోను మెరుస్తుండగా దాన్ని తీసిపారేస్తే నవ్వి ఊరుకునేవాడు లోకంలో బావ ఒక్కడే.

ఇందులోన = ఈ ఫోనులో. లోపలేముందో విప్పి చూసినవాడు లేడు. డబ్బా మీద పెద్దక్షరాలతో రాసింది కెమెరా గురించి, వీపున కనపడేదీ కెమెరాయే. కాబట్టి ఫోను అంటే ఇక్కడ కెమెరా అని చెప్పుకోవాలి. ఒంటి కన్నుతో పుట్టిన ఫోను ముక్కంటి దాకా వచ్చింది. కాని ఫోటోలో రంగు చూపించి మనవాళ్ళని మోసం చెయ్యడం కష్టం. ఇది బెల్లం వండే సీమ. పాకం కాగుతున్నప్పుడు దిమ్మ పచ్చగా మెరవాలని కొందరు హైడ్రోస్ అనే రసాయనం వేస్తారు, ఎందుకంటే అనకాపల్లి మార్కెట్‌లో రంగును బట్టి ధర. వండినవాళ్ళు ఇంట్లోకి మాత్రం నల్లదే ఉంచుకుంటారు. ఆ మధ్య ఒక పెద్దాయన మనవరాలు తీసిన సెల్ఫీ చూసుకున్నాడు. చామనఛాయ ఎగిరిపోయింది, ముడతలు పోయాయి, మొహం కోడిగుడ్డులా ఉంది. 'హైడ్రోసు ఎంత యేసిందమ్మా ఇది?' అన్నాడు. కెమెరా సమీక్షలు చాలా చదివాను. ఇంత పొట్టిగా, ఇంత సరిగ్గా రాసినవాడు లేడు.

పేరు మార్చీసి = నామాంతరం కల్పించి. ఇది ఉత్త అపవాదు కాదు. 2020 ఫిబ్రవరిలో మన దేశానికి పోకో ఎక్స్2 అని వచ్చింది, అంతకు రెండు నెలల ముందు చైనాలో రెడ్‌మీ కే30 అని వచ్చిన ఫోనే. 2021 అక్టోబరులో ఫేస్‌బుక్ కంపెనీ మెటా అయింది, 2023 జులైలో ట్విట్టర్ ఎక్స్ అయింది. ఇవి విని లోకం ఆశ్చర్యపోయిందేమో గాని చోడవరం ఆశ్చర్యపోలేదు. 2022 ఏప్రిల్ 4న మా ఊరు విశాఖపట్నం జిల్లా పోయి అనకాపల్లి జిల్లా అయింది. ఊరు అంగుళం కదల్లేదు. అదే బస్సు, అవే గుంతలు. ఆధార్ కార్డు మీద ఇంకా విశాఖపట్నం అనే ఉన్నవాళ్ళు బోలెడుమంది. దరఖాస్తులో 'జిల్లా' అన్న గడి దగ్గరకొచ్చేసరికి నా పెన్ను ఇప్పటికీ ఒక్క క్షణం ఆగుతుంది.

మళ్ళీ = తిరిగి. దీనికి వ్యాఖ్య అక్కర్లేదు.

ఒగ్గీసినారు = వదిలేశారు. మూలానికి ప్రాణం ఈ పదంలో ఉంది. ఒగ్గడం అంటే వదలడం. పండక్కి సినిమా వదిలారంటే విడుదల చేశారని. పిల్లిని ఊరవతల వదిలేశారంటే దిక్కులేకుండా చేశారని. ఇంగ్లీషు వాళ్ళు ఈ రెండు పనులకీ రెండు మాటలు పెట్టుకుని, మొదటిదానికి సభ చేసి దీపాలు వెలిగిస్తారు, రెండోదాన్ని వెబ్‌సైటులో ఓ మూల చిన్న అక్షరాలతో రాస్తారు. మనకి రెంటికీ ఒకటే మాట. ఇది శ్లేష. మొదట్లో దణ్ణం పెట్టుకున్న స్వయంభూ విఘ్నేశ్వరుడికి ఈ రెండూ అంటవు.

ఉదాహరణలు. ఆర్కుట్‌ని 2004లో ఒగ్గారు, 2014 సెప్టెంబరు 30న ఒగ్గేశారు. విండోస్ ఎక్స్‌పీని 2001లో ఒగ్గారు, 2014 ఏప్రిల్‌లో ఒగ్గేశారు. విండోస్ 10 పుట్టింది 2015 జులై 29న, దానికి మామూలుగా ఇచ్చే మరమ్మతులు ఆగిపోయింది 2025 అక్టోబరు 14న. కొత్త విండోస్ 11 వేసుకుందామంటే పాత కంప్యూటర్లో టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలంటుంది. అడంగల్ కాపీలూ ఆధార్ జిరాక్సులూ తీసే కొట్లో మిషను శుభ్రంగా పనిచేస్తూనే ఉంది, దానికి జబ్బు లేదు. అయినా అది ఒగ్గేసిన మిషను.

నా సంగతీ చెప్పాలి. నాలుగేళ్ళ కిందట కొన్న ఫోను నాది. గీత పడలేదు, బ్యాటరీ సాయంత్రం దాకా ఆగుతుంది. ఓ రోజు బ్యాంకు యాప్ తెరిస్తే, మీ ఫోను పాతది, ఇందులో పనిచెయ్యను అంది. ఏ బ్యాంకో చెప్పను, నా డబ్బు ఇంకా అందులోనే ఉంది. పాస్‌బుక్ పట్టుకుని వెళ్తే కౌంటర్లో అమ్మాయి, 'యాప్‌లో చూసుకోవచ్చు కదా సార్' అంది. కాకువు నాకూ వచ్చు. పైపెదవి పక్కకి లాగి వచ్చేశాను.

మొన్నటిది = గతించినది. 'మొన్న' అంటే నిన్నటికి ముందు రోజని నిఘంటువు. చోడవరంలో మొన్న ఎంత వెనక్కైనా సాగుతుంది. దీని మీద వ్యాఖ్యాతల్లో రెండు మతాలున్నాయి. మొదటి మతం వారికి మొన్న అంటే 2003, నోకియా 1100. ప్రపంచమంతా కలిపి దాదాపు 25 కోట్లు అమ్ముడుపోయిన ఫోను. దుమ్ము దూరకుండా మీటల మీద తొడుగు, చెమట చేతుల్లోంచి జారకుండా పక్కలకి గరుకు, నెత్తిన టార్చి లైటు. అర్ధరాత్రి కరెంటు ఇస్తే చెరకు తోటలోకి వెళ్ళి మోటారు వెయ్యాల్సిన రైతుకి, గట్టు మీద పాముందో తాడుందో చూపించే ఫోనే ఫోను. రజ్జుసర్పభ్రాంతిని పోగొట్టడానికి అద్వైతులు అంత గ్రంథం రాశారు. నోకియా వాళ్ళు ఒక బల్బు పెట్టారు.

రెండో మతం వారికి మొన్న అంటే 2016 సెప్టెంబరు 5, జియో వచ్చిన రోజు. ఫోను ఏదైతేనేం, నెట్ ఫ్రీ అప్పుడు, కాబట్టి అప్పటిదంతా బాగుండేదే అంటారు. ఇది ఫోను గురించిన అభిప్రాయం కాదు, బిల్లు గురించిన అభిప్రాయం. నిరాకరిస్తున్నాను.

బాగుండీది = బాగుండేది. ఈ 'మొన్నటిదే బాగుండీది' కేవలం ముసలి మాటంటారా? అలా అనేవాళ్ళు ఒకసారి పెళ్ళి కార్డులు వేసే డీటీపీ కొట్లోకి వెళ్ళి కూర్చోవాలి. అక్కడ నడిచేది పేజ్‌మేకర్ 7. దాన్ని అడోబీ వాళ్ళు 2001లో విడుదల చేశారు, అదే ఆఖరుది. తర్వాత ఇన్‌డిజైన్ వాడుకోండి అని దీన్ని అలాగే వదిలేశారు. మనవాళ్ళు వదల్లేదు. అందులో అను ఫాంట్లు వేసి, 'శ్రీరస్తు శుభమస్తు' దగ్గర్నుంచి 'మీ రాకను కోరుకునే' దాకా అచ్చులు పోశారు, పోస్తున్నారు. ఆ ఫాంట్లు యూనికోడ్ కాదు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో ఫైలు తెరిస్తే పెళ్ళికూతురి పేరు కాస్తా ఇంగ్లీషు అక్షరాలూ కొక్కేలూ అయిపోతుంది. కొత్త వాటిలోకి మారండి అని చెప్పడం తేలిక. ఇరవయ్యేళ్ళుగా దాచుకున్న వేల కార్డుల నమూనాలు, ఒత్తులు ఎక్కడ పడాలో చూడకుండానే తెలిసిన వేళ్ళు, వీటిని ఏ అప్‌డేట్ మారుస్తుంది? కంపెనీ ఒగ్గేసినదాన్ని పట్టుకుని ఒక భాష అచ్చుపని ఇన్నేళ్ళు నడిపిన వాళ్ళని వెనకబడ్డవాళ్ళు అనడానికి నాకు నోరు రాదు.

శంక, సమాధానం:

శంక. ఫోను సరే, డేటా సెంటరుకి ఈ మూలం అన్వయిస్తుందా?

సమాధానం. ముందు తిథి చూడండి. 2025 అక్టోబరు 14. మైక్రోసాఫ్ట్ వాళ్ళు విండోస్ 10ని ఒగ్గేసిన ఆ రోజే ఢిల్లీలో గూగుల్ వాళ్ళు మన రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం రాసుకున్నారు. విశాఖలో కృత్రిమ మేధ కేంద్రం, అయిదేళ్ళలో 1500 కోట్ల డాలర్లు, గిగావాట్ స్థాయి డేటా సెంటరు. తర్లువాడ, అడవివరం, రాంబిల్లి. రాంబిల్లి ఇప్పుడు మా జిల్లాయే. ఒకే నాడు ఒకరు ఒగ్గారు, ఇంకొకరు ఒగ్గేశారు. శ్లేషకి ఇంతకన్నా మంచి ముహూర్తం దొరకదు.

అయితే ఇక్కడ 'ఏటుంది బావా ఇందులోన?' అన్నప్పుడు పెదవి పక్కకి లాగకూడదు. కాకువు లేదు, ఇది అసలు ప్రశ్న. లోపల ఉండేవి వరసల కొద్దీ కంప్యూటర్లు, వాటి వేడి దించే యంత్రాలు. కట్టేటప్పుడు చాలామందికి పని ఉంటుంది, కట్టాక నడపడానికి కొద్దిమంది చాలు. కరెంటు ఎంత, నీళ్ళెన్ని, ఉద్యోగాలెన్ని అని టీ కొట్టులో అడిగితే అభివృద్ధికి అడ్డం పడ్డట్టు కాదు. చెరకుకి నీళ్ళు కట్టేవాడికి లెక్కలు అలవాటు.

ఇంకో ముడి కూడా ఉంది. ఇలాంటి కేంద్రాలు ప్రపంచమంతా లేస్తుండటంతో, మెమరీ చిప్పులు చేసే కంపెనీలు వాటికి కావలసిన ఖరీదైన రకం మీదికి మళ్ళాయి. 2025 చివర్లో మామూలు మెమరీ ధర ఎగబాకింది. మైక్రాన్ కంపెనీ ఆ డిసెంబరులో, మామూలు జనానికి అమ్మే క్రూషియల్ సరుకునే ఆపేస్తున్నట్టు చెప్పింది. ఆ సెగ ఫోన్లకీ తగిలింది. ఎక్కడో యంత్రం తెలివి పెంచుకుంటుంటే ఇక్కడ ఫోను ధర పెరుగుతుంది. అప్పుడు మొన్నటిదే బాగుండీది అన్నది రుచి కాదు, జేబు.

తాత్పర్యం:

ఓయి అక్క మగడా! నీవు కరమున ధరించిన ఈ నూతన యంత్రమునందు నూతనత్వమెట్టిది? నామము మాత్రము మార్చి దీనిని విడిచిరి, కొలది కాలమునకు దీనిని నిజముగానే విడువగలరు. కావున పూర్వపుదే మేలు, అని భావము. బావ ఏమన్నాడో మూలంలో లేదు. టీ డబ్బులు మాత్రం ఆయనే ఇచ్చాడు.

చదువరులకు మనవి: మా వీధిలో డీటీపీ కొట్టు కంప్యూటరు హార్డ్ డిస్కు మొన్న (నిఘంటువు మొన్నే) పోయింది. పేజ్‌మేకర్ 7 అసలు సీడీ, గీతలు పడనిది, ఎవరి బీరువాలోనైనా ఉంటే దయచేసి ఆ కొట్టుకి కబురు చెయ్యండి. ముహూర్తాలు దగ్గర పడ్డాయి, మూడు పెళ్ళిళ్ళ కార్డులు ఆగిపోయి ఉన్నాయి.