మడి కట్టుకున్న మైకు

వాల్వు మైకుని అరచేతిలో పట్టేంత చిన్నగా ఇంట్లోనే కట్టుకోవచ్చని రాసిన ప్రతి మహానుభావుణ్ణీ విశాఖపట్నం రప్పించి, ఆగస్టు నెలంతా మా ఇంట్లో కూర్చోబెట్టాలని ఉంది. భోజనం ఖర్చు నాదే.

సర్క్యూట్ చూస్తే పిల్లలాటే. ఒక కండెన్సర్ క్యాప్సూల్, చిటికెనవేలంత 5840 వాల్వు, గుప్పెడు రెసిస్టర్లూ కెపాసిటర్లూ, చివర ఓ ట్రాన్స్‌ఫార్మర్. చిక్కంతా ఆ వాల్వు గ్రిడ్ దగ్గర. నా క్యాప్సూల్ కెపాసిటెన్స్ 70 పికోఫారడ్లు. గ్రిడ్‌కి 1 మెగా ఓమ్ రెసిస్టర్ పెడితే 2,000 హెర్ట్జ్‌ల కిందున్న గొంతంతా కరిగిపోతుంది. ఘంటసాల పాడినా దోమ పాడినట్టే. అందుకని 1 గిగా ఓమ్, అంటే వంద కోట్ల ఓములు పెట్టాలి. అంత నిరోధం ఉన్నచోట మన వేలిముద్ర కూడా తీగ కిందే లెక్క. చెమటలోని ఉప్పూ, సముద్రపు గాలిలోని తేమా కలిసి కరెంటుకి దొడ్డిదారి తెరుస్తాయి. ఇక మైకులో ఒకటే చిటపటలు.

ఆ రెసిస్టర్ని స్పిరిటుతో కడిగి, ఆరబెట్టి, పట్టకారుతో ఎత్తుతుంటే మా అత్తగారు గుమ్మంలోంచి చూశారు.

"చేత్తో ముట్టుకోకూడదా బాబూ?"

"కూడదండీ అత్తయ్యగారూ. ముట్టుకుంటే మళ్లీ కడగాలి."

ఆవిడ మొహం చేటంత అయింది. ఈ ఇంట్లో మడి తెలిసిన మగాడు లేడని నా పెళ్లినాటినుంచీ ఆవిడకి దిగులు.

నిజానికి శాస్త్రమంతా ఆవిడ దగ్గరే ఉంది. మడిబట్టని ఎవరికీ తగలకుండా ఎత్తున దండెం మీద కర్రతో ఆరేస్తారు. గ్రిడ్ అతుకునీ బోర్డుకి తగలనీయకుండా గాల్లోనే సోల్డర్ చెయ్యాలి. నూలుబట్టకున్నంత పట్టింపు పట్టుబట్టకి లేదు. ఇక్కడ టెఫ్లాన్ ఆ పట్టుబట్ట, ఫైబర్ బోర్డు నూలుబట్ట. ఫ్లక్స్ మిగిలితే అంటు. దుమ్ము పోతుందని నోటితో ఊదితే ఎంగిలి. కాఫీ తెచ్చిన మా ఆవిడ భుజం తట్టబోతే, నాకు తెలియకుండానే "మడి!" అని అరిచాను. "అలా చెప్పు నాయనా" అని లోపల్నుంచి వంత. బల్ల చుట్టూ నీళ్లు చల్లుతానని అత్తగారు చెంబుతో వస్తే, తేమ సంగతి చెప్పి దండం పెట్టాల్సొచ్చింది. ఉపవాసం ఉండి సోల్డర్ చేస్తే ఇంకా బాగా అతుక్కుంటుందట. రెసిస్టర్ ఒంటి మీది రంగు పట్టీలు చూసి వైష్ణవుడేనని కూడా తేల్చేశారు. మనుషుల్ని దూరం పెట్టే మడి నాకెన్నడూ మింగుడుపడలేదు. ఓముల మడికి మాత్రం తలవంచాను.

మడితో సరిపోతే ఇంత కడుపుమంట ఉండేది కాదు. కేబుల్లోంచే వచ్చే 48 వోల్టుల ఫాంటమ్ పవర్‌తో వాల్వు వెలిగించరాదా అంటారు తెలివైనవాళ్లు. ఆ వోల్టులు రెండు 6.8 కిలో ఓమ్ రెసిస్టర్ల గుండా రావాలి. ఎంత పిండినా దక్కేది వాటులో ఆరో వంతు. 5840 హీటరు 6.3 వోల్టుల దగ్గర 150 మిల్లీ ఆంపియర్లు తాగుతుంది, అంటే దాదాపు ఒక వాటు. కనక ప్లేటుకో సప్లై, హీటరుకో సప్లై, రెండూ మోసే ఇనప పెట్టె, అక్కణ్ణుంచి మైకుదాకా ఏడు పిన్నుల కేబులు. చిన్న మైకు కట్టామని ఫొటోలు దిగేవాళ్లంతా ఆ పెట్టెని బల్ల కింద దాస్తారు. దాచినా నోరు మూసుకోదు. డీసీలో కాస్త అల మిగిలితే చాలు, 100 హెర్ట్జ్‌ల గుయ్యిమనే రొద.

ఈ పొట్టి వాల్వుల వంశం వినికిడి యంత్రాలతో మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధంలో వాటినే గట్టిపరిచి ఫిరంగి గుండ్లలో పెట్టారు, విమానం దాపుకి రాగానే పసిగట్టి పేలడానికి. చెవిటివాళ్లకి నాలుగు మాటలు వినిపించడానికి పుట్టిన వస్తువది. ఆ వంశంలో తర్వాతి తరం నా బల్ల మీద వెలుగుతోంది, దానికి వినిపించడానికి నా దగ్గరేమీ లేదు. మా ఇంట్లో పాడేవాళ్లు లేరు. అత్తగారొక్కరే తులసికోట దగ్గర ఏదో సన్నగా అనుకుంటారు, మైకు చూస్తే ఆపేస్తారు.

ప్రస్తుతం ఇనప పెట్టె ఎక్కడుండాలన్నది తగాదా. దేవుడి గదిలో తప్ప ఎక్కడైనా పెట్టుకోమంటుంది మా ఆవిడ. అంత మడిగల వస్తువు దేవుడి గదిలోనే ఉండాలంటున్నారు అత్తగారు.