ముందుగా దూకకండి

సహాయక దళంలో చేరతామని వచ్చే కుర్రాళ్లు మొట్టమొదట చెప్పేది తమకు ఈత బాగా వచ్చని. వాళ్లకు నేనిచ్చే సలహాలు వినగానే తప్పుగా తోస్తాయి. పిరికి మాటల్లా ఉంటాయి. అమ్మానాన్నలు నేర్పిన మంచితనానికి అడ్డం తిరిగినట్టు ఉంటాయి. అయినా ప్రతి మాటా తెలిసే చెబుతున్నాను, మనస్ఫూర్తిగా చెబుతున్నాను.

ఎవరైనా మునిగిపోతుంటే నీళ్లలోకి దూకకండి. వేసవి సెలవులొస్తే చాలు, స్నేహితుణ్ని కాపాడబోయి మరో ఇద్దరు గల్లంతయ్యారన్న వార్త పేపర్లో ఎక్కడో ఒకచోట కనబడుతుంది. మునిగే మనిషికి ఊపిరి తప్ప మరో ధ్యాస ఉండదు. దగ్గరికి వచ్చినవాడి భుజాలెక్కి తల పైకి పెట్టుకోవాలని చూస్తాడు. ఎంతటి గజ ఈతగాడికైనా ఆ పట్టు విడిపించుకోవడం గండమే. ముందు గెడ అందించండి. అందకపోతే తాడు విసరండి, మనిషిని దాటి అవతల పడేలా విసరండి. 20 లీటర్ల ఖాళీ నీళ్ల క్యానుకు మూత బిగించి తాడు కట్టి విసిరినా మనిషి దాన్ని పట్టుకుని తేలతాడు. పడవ ఉంటే పడవ మీద వెళ్లండి. ఈత అన్నిటికన్నా చివరిది, అదీ లైఫ్ జాకెట్ వేసుకున్న, శిక్షణ పొందిన మనిషికే. 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల బోటు మునిగినప్పుడు 26 మందిని ఒడ్డుకు చేర్చింది ఆ పక్కనున్న గిరిజన గ్రామస్థులు. వాళ్లు పడవలేసుకుని వెళ్లారు. గోదావరి పక్కన పుట్టి పెరిగినవాళ్లు, ఈత రాక పడవ ఎక్కారనుకోకండి.

నడుముకు తాడు కట్టుకుని ప్రవాహంలోకి దిగకండి. ఈ మాట అన్నప్పుడు పెద్దవాళ్లు కూడా ఎదురు తిరుగుతారు. తాడు ఉంటే కదా వెనక్కి లాగేది, అంటారు. నిలవ నీటిలో అయితే సరే. పారే నీటిలో కాలు జారిందా, ఒడ్డున ఉన్నవాళ్లు తాడు బిగపడతారు. మనిషి ఒకచోట ఆగిపోతాడు, నీళ్లు మాత్రం ఆగవు. వెనక నుంచి వచ్చే ప్రవాహమంతా వీపు మీద పడి అతన్ని అడుక్కి తొక్కేస్తుంది. ఎంత గట్టిగా లాగితే అంత లోపలికి పోతాడు. ఆ బరువులో ముడి విప్పుకోవడం ఎవరి వల్లా కాదు. అందుకే ఒడ్డున తాడు పట్టుకున్నవాళ్లు కూడా దాన్ని చేతికి చుట్టుకోకూడదు. అవసరమైతే వదిలేయగలిగేలా ఉండాలి.

కొట్టుకుపోతే నిలబడటానికి ప్రయత్నించకండి. ఇదీ వింతగానే ఉంటుంది. రాళ్ల సందులో పాదం ఇరుక్కుంటే మోకాలి లోతు ప్రవాహంలోనూ ముఖం నీళ్లలో పడి లేవలేరు. వెల్లకిలా తిరిగి, కాళ్లు ప్రవాహం పోయే వైపు పెట్టి, పాదాలు పైకెత్తి ఉంచండి. వేగంగా పారితే అరడుగు నీళ్లే మనిషిని పడగొడతాయి, రెండడుగులు వస్తే చాలా కార్లు తేలిపోతాయి.

బావిలో దిగినవాడు కుప్పకూలితే రెండోవాడు దిగకూడదు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించే చావులు ఇవే. పూడిక తీయడానికి ఒకడు దిగుతాడు, పడిపోతాడు. అన్న పడ్డాడని తమ్ముడు, తమ్ముడు పడ్డాడని బావమరిది. పాత బావుల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో ప్రాణవాయువు తగ్గిపోయి ఉంటుంది, హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు కూడా ఉండొచ్చు. దీపం దించి చూశాం, ఆరలేదు అంటారు. దీపం ప్రాణవాయువు సంగతే చెబుతుంది, హైడ్రోజన్ సల్ఫైడ్ సంగతి చెప్పదు. ఆ వాయువు మోతాదు పెరిగితే ముక్కుకు వాసన కూడా తెలియదు. ఊపిరి సిలిండరు పెట్టుకున్న ఫైర్ సిబ్బంది వచ్చేదాకా పైనే ఉండి, దిగబోయేవాళ్లను పట్టుకుని ఆపండి. ఏడ్చి తిట్టినా వదలకండి.

ఎవరైనా తప్పిపోతే వెతకడానికి పరిగెత్తకండి. వాళ్ల ఇంటికి వెళ్లి కూర్చోండి. ఏ చెప్పులు వేసుకున్నారు, మందులు వాడతారా, ఎవరితోనైనా గొడవ పడ్డారా, పూర్వం ఎక్కడ ఉండేవారు, అడగండి. ఇల్లంతా మరోసారి వెతకండి. చిన్నపిల్లలు మంచం కిందో, గాదె వెనకో నిద్రపోతూ దొరుకుతుంటారు. చివరిసారి కనబడ్డ చోటు చుట్టూ జనాన్ని నడవనివ్వకండి. ఊరంతా తొక్కితే పాదాల గుర్తులు పోతాయి, జాగిలానికి వాసనల గందరగోళం మిగులుతుంది. అడవిలో పేరు పెట్టి పిలిచాక అందరూ నోరు మూసుకుని కాసేపు ఆగాలి. జవాబు నీరసంగా వస్తుంది. వెతికి దొరకని చోటును కూడా కాగితం మీద గుర్తు పెట్టండి.

సాహసం వద్దంటే ఖమ్మం సంగతి గుర్తుచేస్తారు. 2024 సెప్టెంబరు 1న అక్కడ మున్నేరు పొంగి ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిది మంది చిక్కుకుంటే, ఒకాయన జేసీబీతో వెళ్లి తీసుకొచ్చాడు. గొప్ప పని, చేతులెత్తి మొక్కుతాను. కానీ దాన్ని కొత్తవాళ్లకు పాఠంగా చెప్పను. ఆ యంత్రం బరువెంతో, చక్రం కింద ఏది జారుతుందో ఆయనకు తెలుసు. మనకు తెలిసిన పని ఏదో ముందు చూసుకోవాలి.

అదే వానలకు విజయవాడ సింగ్‌నగర్ వైపు బుడమేరు నీళ్లు ఇళ్లలోకి వచ్చాయి. అలాంటి చోటికి బయటి నుంచి వచ్చే ఎన్డీఆర్ఎఫ్ (జాతీయ విపత్తు స్పందన దళం) వాళ్లకు పడవ ఉంటుంది, సందులు తెలియవు. ఏ మలుపులో డ్రైనేజీ తెరిచి ఉంది, ఏ మేడ మీద నెలలు నిండిన మనిషి ఉంది, ఎవరికి డయాలసిస్ చేయించాలి అన్నది ఆ వీధివాళ్లకే తెలుస్తుంది. కాబట్టి వీరుడి పని అడగకండి, చిట్టా రాసే పని అడగండి. వానాకాలానికి ముందే మీ వీధి చిట్టా రాసి పెట్టండి. జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ 2016లో మొదలుపెట్టిన ఆపద మిత్ర పథకం కింద వాలంటీర్లకు 12 రోజుల శిక్షణ ఇచ్చారు. అలాంటి శిక్షణ మీ జిల్లాలో ఎప్పుడు పెడతారో కలెక్టరేట్‌లో అడిగి తెలుసుకోండి. శిక్షణ లేకుండా నేరుగా వరదలోకి వస్తామంటే నేను ఒప్పుకోను.

చివరిది, అందరూ కొట్టిపడేసేది. పని మధ్యలో ఇంటికి వెళ్లి పడుకోండి. మొదటి రాత్రి జనానికి కొదవ ఉండదు. మూడో రోజుకు కళ్లు మూతలు పడుతుంటాయి, ముడులు తప్పుగా పడతాయి, పడవలో ఎంతమంది ఎక్కారో లెక్క తప్పుతుంది. ఎనిమిది గంటలు చేసినవాణ్ని దళ నాయకుడు వెళ్లమంటే వాదించకుండా వెళ్లాలి. తిని, తడి బట్టలు మార్చుకుని, ఫోను ఛార్జింగ్‌లో పెట్టి పడుకోవాలి. తెల్లవారుజామున మళ్లీ పడవ ఎక్కాల్సింది అతనే.