సున్నం బాబాయ్

ప్రతి వీధికీ ఒక సున్నం బాబాయ్ ఉంటాడు. అసలు పేరు రేషన్ కార్డులో మాత్రమే కనిపిస్తుంది. సంక్రాంతి దగ్గరపడేసరికి ఆయన పెరట్లో పాత డ్రమ్ము బుసలు కొడుతుంది. పిడుగురాళ్ల సున్నం మీద నీళ్లు పడగానే కుతకుతా ఉడుకుతుంటే, బాబాయ్ పంచె ఎగగట్టి, పొడుగాటి కర్రతో కలుపుతూ "కళ్లు జాగ్రత్తర్రా!" అని అరుస్తాడు. రాత్రంతా నాననిచ్చి, గోనెపట్టాలో వడగట్టి, కాస్త జిగురూ చిటికెడు నీలిమందూ వేస్తాడు. అక్కడిదాకా ఆయన పనితనానికి వంక పెట్టలేం.

గొడవల్లా గోడతోనే. చెమ్మెక్కి, పెచ్చులూడి, పగుళ్లలో రావిమొక్క మొలిచిన గోడ అది. "ముందు ఆ పగులు పూడ్పించండి బాబాయ్" అంటే, "ఎందుకురా డబ్బు దండగ? రెండు పూతలు లాగిస్తే పెళ్లికూతురైపోతుంది" అంటాడు. సున్నం తడిగా ఉన్నంతసేపూ కింది మరకలు కనిపిస్తూనే ఉంటాయి. గాలి తగిలి ఆరేకొద్దీ తెల్లబడుతుంది. బాబాయ్ మాటలూ అదే బాపతు. విన్నప్పుడు ఎవరూ నమ్మరు. మర్నాటికి వీధంతా అవే మాటలు.

సంబంధాల వేళ ఆయనకి మహా గిరాకీ. ఏ ఉద్యోగంలోనూ నిలవని కుర్రాడు "ఒకరి కింద పనిచేసే రకం కాదండీ". అప్పులు ఎగ్గొట్టే మామగారు "లెక్కలు పట్టించుకోని మనిషి". కాబోయే అత్తగారి నోరా? "మనసులో ఏదీ దాచుకోదు పాపం!" 2024లో న్యూజిలాండ్ జట్టు మన గడ్డ మీదే టెస్టుల్లో మనల్ని 3-0తో వైట్‌వాష్ చేసి వెళ్తే, బాబాయ్ దానిమీదా ఒక పూత వేశాడు: "ఇంటికొచ్చినవాళ్లని ఉత్తచేతుల్తో పంపుతామా?"

ఇంత హస్తవాసి ఉన్నవాడు కనకే, కాలనీ ప్రహరీ కట్టిన ఏడాదికే కూలితే విచారణ కమిటీకి ఆయన్నే పెద్దని చేశారు. సిమెంటు సంగతి ఎవరో ఎత్తబోతే బాబాయ్ పకోడీల ప్లేటు అటు జరిపాడు. నివేదిక ఒక్క పేజీ: గోడ మంచిదే, వానే తొందరపడింది. కింద సభ్యుడి హోదాలో కాంట్రాక్టరు సంతకం. ఇటుకలు ఎత్తించడానికి నిధుల్లేవు గనక వాటిని ఓ వారగా పేర్పించి, బాబాయే దగ్గరుండి సున్నం కొట్టించాడు. ఇప్పుడు సాయంత్రాలు పెద్దలంతా అరుగనుకుని దానిమీదే కూర్చుంటున్నారు. లేచేటప్పుడు ఒకరి పంచె ఒకరు దులుపుతున్నారు.