ట్యాంకరొస్తాదంట

మార్కాపురంలో వేసవికి ముందు కాపురం పెట్టే కొత్తవాళ్లకు నేను చెప్పే మొదటి సలహా: గాలివార్త చెవిన పడితే నమ్మేయండి. ఎవరన్నారు, ఎప్పుడన్నారు, నిజమేనా అని ఆరా తీయకండి. పక్కింటామె గోడ మీదుగా "ట్యాంకరొస్తాదంట" అన్నదంటే, పొయ్యి మీద పాలున్నా దించేసి, బిందెలు పట్టుకుని వీధి మొగదలకు పోండి.

చదువుకున్నవాళ్లు దీనికి అడ్డం చెబుతారు. కనుక్కోకుండా కదలడం మూర్ఖత్వమంటారు. వాళ్ల ఇళ్లలో కుళాయి తిప్పితే నీళ్లొస్తాయి కాబట్టి అలా అనగలరు. మీరు మన లెక్క వేసుకోండి. మాట అబద్ధమైతే పోయేది ఎండలో ఒక గంట. నిజమైన మాటను నమ్మకపోతే రెండు రోజులు ఇంట్లో చుక్క ఉండదు. గిద్దలూరు నుంచి కంభం మీదుగా మార్కాపురం దాకా ఏ ఊళ్లోనైనా బోరు వేయించినవాళ్లను అడగండి. వందల అడుగులు దించినా దుమ్ము లేచిన బోర్లున్నాయి. నీళ్లు పడ్డా ఫ్లోరైడు భయం ఉండనే ఉంది. ఇలాంటి నేల మీద అనుమానం డబ్బున్నవాళ్ల అలవాటు.

ఆఫీసుకు ఫోన్ చేసి కనుక్కోవడం ఇంకా పెద్ద పొరపాటు. నేనొకసారి చేశాను. "ఈరోజు లేదు, రేపు" అని ఖాయంగా చెప్పారు. ఆ మాట మీద భరోసాతో బిందెలు బోర్లించి పడుకున్నాను. ఆ సాయంత్రమే ట్యాంకరు వచ్చి వెళ్లింది. వీధిలో అందరి గోళేలూ నిండాయి, మా ఇంట్లో తప్ప. పక్కింటామె నాతో ముందే అన్నది, వస్తాదంట అని. ఆ "అంట" విని, ఇది తెలిసీ తెలియని మాటేలే అని కొట్టిపారేశాను. ఆ రాత్రి మా అమ్మ అరబిందె నీళ్లతో వంట ముగించడం నాకింకా గుర్తుంది.

ఆ "అంట" గురించి నాలుగు మాటలు చెప్పాలి. ఇంగ్లీషువాళ్లు రూఢి కాని కబురుకు వేరే పేరు వెతుక్కున్నారు. వాళ్లకూ అది నీళ్ల దగ్గరే దొరికింది. వెనకటి తెరచాప ఓడల్లో తాగునీళ్లకు డెక్కు మీద ఒక పీపా ఉండేది. పీపాను బట్ అనేవారు. కంత కోయడాన్ని స్కటిల్ అనేవారు. నీళ్లు ముంచుకోవడానికి కంత కోసిన ఆ పీపా స్కటిల్‌బట్ అయింది. నావికులు దాని చుట్టూ చేరి, ఓడ ఎటు పోతోందో, కెప్టెన్ మనసులో ఏముందో గుసగుసలాడుకునేవారు. 20వ శతాబ్దం మొదటికల్లా పీపా పేరే గుసగుసకు పేరైంది. అమెరికా నౌకాదళంలో తాగునీటి కుళాయిని ఇప్పటికీ ఆ మాటతోనే పిలుస్తారు.

ఆస్ట్రేలియా కథ మనకింకా దగ్గర. షెపర్టన్ ఊళ్లో జాన్ ఫర్ఫీ అనే కమ్మరి నీళ్లబళ్లు చేసేవాడు. ఇనప ట్యాంకు మీద ఇంటిపేరు పెద్ద అక్షరాల్లో ఉండేది. మొదటి ప్రపంచ యుద్ధంలో మెల్‌బోర్న్ దగ్గరి సైనిక శిబిరానికి ఆ బళ్లు నీళ్లు తోలేవి. బండివాడు నీళ్లతోపాటు కబుర్లూ తెచ్చేవాడు. ఆధారం లేని వార్తకు ఫర్ఫీ అనే పేరు అలా స్థిరపడింది. అంటే సాక్షాత్తూ ట్యాంకరు కబురే!

మనకు ఇంత తిరుగుడు అక్కర్లేకపోయింది. వదంతి అనే సంస్కృత పదానికి అర్థమే "అంటున్నారు" అని. అనేవాళ్లెవరో అందులో లేరు. పుకారు హిందుస్తానీ నుంచి వచ్చింది, అక్కడ దానికి కేక అని అర్థం. ఇవేవీ లేకున్నా క్రియ చివర ఒక్క "ట" తగిలిస్తే చాలు. వచ్చాడట, పోయిందట, ఇస్తారట. "నేను చూడలేదు, విన్నాను" అని ఆ ఒక్క అక్షరమే ఒప్పుకుంటుంది. చెప్పేవాళ్లు తమకెంత తెలుసో అంతే చెబుతున్నారు. ఇంతకంటే నిజాయితీ ఏ వార్తలో ఉంది?

అందుకే నా రెండో సలహా: "ట" లేని మాటనే అనుమానించండి. శిలాఫలకం మీద "ట" చెక్కరు. వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. శ్రీశైలం జలాశయం నుంచి కొండలోపలగా సుమారు 18.8 కిలోమీటర్ల పొడవున రెండు సొరంగాలు తవ్వి, 43.5 టీఎంసీల కృష్ణా వరద నీళ్లు మా వైపు తెస్తామన్నారు. రెండో సొరంగం తవ్వకం 2024 జనవరిలో గానీ ముగియలేదు. ఆ మార్చిలో సొరంగాలను జాతికి అంకితం చేశారు. ఆ నీళ్లు నిలవ చేసే నల్లమల సాగర్ జలాశయం ముంపు ఊళ్ల జనానికి పునరావాసం అప్పటికింకా పూర్తికాలేదు. శంకుస్థాపన నాడు పుట్టిన పిల్లలకు అప్పటికి 28 ఏళ్లు. ఈ ఏళ్లన్నిటిలోనూ మా వీధి ఆడవాళ్లు ఎన్నడూ "వెలిగొండ నీళ్లొస్తాయి" అనలేదు. "వస్తాయంట" అనే అన్నారు. సరిగ్గా మాట్లాడిందెవరో మీరే చూడండి.

ఈ నమ్మకాన్ని నీళ్ల దగ్గరే ఆపండి. మనిషి మీద వచ్చే మాటకు ఇది పనికిరాదు. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఫోన్లు మోగాయి. దారినపోయే అమాయకులను పట్టుకుని కొట్టారు, ప్రాణాలు పోయాయి. ఆ జూలైలో వాట్సాప్, మనదేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్లకు మించి పంపకుండా కట్టడి ప్రకటించింది. నన్నడిగితే తప్పంతా "ట" రాలిపోవడంలో ఉంది. నోటి మాటలో "తిరుగుతున్నారంట" ఉంటుంది. ఫార్వర్డులో "తిరుగుతున్నారు జాగ్రత్త" అయిపోతుంది. మా మార్కాపురం పలక మీద రాసింది తడిగుడ్డతో పోతుంది. ఫోనులోది పోదు. కాబట్టి గాలివార్తను ఎన్నడూ రాయకండి, నోటితోనే చెప్పండి.

ఎలా చెప్పాలో కూడా వినండి. ముందు మీ బిందె వరసలో పెట్టండి. మీరు లేకపోయినా మీ వంతును అది కాస్తుంది. తర్వాత వెనక్కి వచ్చి, చెవి సరిగా వినబడని ముసలమ్మ ఒంటరిగా ఉండే ఇంటి దగ్గర ఆగండి. గడపలో నిలబడి గట్టిగా చెప్పండి, "అవ్వా, ట్యాంకరొస్తాదంట" అని. ఎవరన్నారే అని ఆమె అడగదు. ఆమె బిందె కూడా మీరే చంకన పెట్టుకుని పోండి.